ఊట చూపించిన మనిషి

మా సంఘంలో యవ్వనస్థుల కూడిక అయ్యాక టీ తాగుతూ ఎవరో ఒకరు అడుగుతుంటారు: "అంకుల్, బహ్రెయిన్‌లో మీకు దొరికిన పెద్ద చేప ఎంతుంటుంది?" నేను రెండు చేతులూ బారగా చాపి చూపిస్తాను. వాళ్లు నవ్వుతారు. సగం నమ్ముతారు.

ఆ కొలత నిజమే. ఆ చేప దొరికిన చోటు గురించి నేను చెప్పిన మాట అబద్ధం. పరాయి సముద్రం మీద చాలా ఏళ్లు పని చేసి వచ్చినవాణ్ణి. చెప్పుకోవడానికి గాలివానలున్నాయి, ఇంజను ఆగిపోయి కొట్టుకుపోయిన రోజులున్నాయి. వాటన్నిటినీ పక్కన పెట్టి ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. మీలో ఎవరైనా రేపు సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడేముందు ఇది చదివి ఉంటే మంచిదని నా ఆశ.

మాది శ్రీకాకుళం వైపు తీరం. మా నాన్న, తాత పడవ మీద బతికినవాళ్లు. మా అమ్మ నన్ను ప్రభువు దగ్గరకు నడిపించింది. పన్నెండేళ్లు నిండకముందే కంఠతా వాక్యాల పోటీలో నాకు ఎదురుండేది కాదు. రెండు వేల సంవత్సరం దాటాక బహ్రెయిన్ వెళ్లి, అస్కర్ రేవులో ఒక చిన్న ఫైబర్ బోటు మీద కుదిరాను. బోటు యజమాని, అంటే మా వీసా ఎవరి పేర ఉంటుందో ఆ కఫీల్, అరవై దాటిన బహ్రెయినీ. ఇల్లు హమద్ టౌన్‌లో. మేమాయన్ని అర్బాబ్ అని పిలిచేవాళ్లం. బోటు మీద ఇద్దరమే పనివాళ్లం. పట్టేది ముఖ్యంగా హమూరు అనే చేప. మన బొంత చేప జాతిదే, ఒంటి మీద గోధుమరంగు చుక్కలు, పెద్ద నోరు. రాళ్ల సందున కదలకుండా కూర్చుని, ఎదురొచ్చిన దాన్ని మింగుతుంది. అక్కడివాళ్లకు హమూరు లేని విందు విందు కాదు.

దాన్ని పట్టడానికి వల వాడం. ఇనుప తీగతో గుమ్మటంలా అల్లిన బోను ఉంటుంది. లోపలికి వెళ్లే దారి గరాటులా ఉంటుంది కాబట్టి వెళ్లిన చేప బయటికి రాలేదు. ఎర పెట్టి అడుగున దించి, నాలుగైదు రోజులకు వెళ్లి తీస్తాం. పైన తేలే బుడ్డి కడితే దొంగలు తీసుకుపోతారు కనుక ఏమీ కట్టం. చోటును జీపీఎస్ మిషన్‌లో ఎక్కించుకుని, మళ్లీ అక్కడికి వెళ్లి, కొక్కెం లాగి బోనును పట్టుకుంటాం. కాబట్టి చేపలవాడి ఆస్తంతా చోటే. ఎవరూ తమ చోటు ఇంకొకరికి చెప్పరు.

నాతో పని చేసే బంగ్లాదేశీ భాయ్ పెళ్లి చేసుకోవడానికి సెలవు మీద వెళ్లాడు. ఎప్పుడొస్తాడో తెలియదు. ఒకరోజు అర్బాబ్ తన పికప్‌లో ఒక మనిషిని తెచ్చి రేవులో దించాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. తెలంగాణ మనిషి. కట్టడం పనికని వచ్చాడు. తెచ్చిన కంపెనీకి పని లేకపోతే సల్మాబాద్‌లో ఉంటూ దొరికిన చోటల్లా రోజు కూలీ చేస్తున్నాడు. వీసా కాగితాలు ఒకరి పేర, పని ఇంకొకరి దగ్గర. పోలీసు బండి కనబడితే పక్క సందులోకి తప్పుకునే బతుకు. "ఈ సీజన్ పని చూస్తాను. బాగుంటే కాగితం నా పేర మార్చుకుంటాను" అన్నాడట అర్బాబ్. ఆ ఒక్క మాట మీద వచ్చాడతను.

"ఏ సముద్రం నీది?" అన్నాను మొదటి రోజు.

"సముద్రమా? గిదే మొదటిసారి చూసుడు అన్నా. మాది చెరువు. మస్తు పెద్ద చెరువు."

నేను రేవంతా వినబడేలా నవ్వాను. "ఓలమ్మ, సముద్రం మీదకి చెరువోడ్ని తెచ్చినాడ్రా మా అర్బాబు!"

"నీళ్లు నీళ్లే గదనే. గీ నీళ్లల్ల ఉప్పెక్కువైంది, గంతే."

మొదటి వారమంతా బోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. "ఏటి, ఉప్పు సరిపోనేదా?" అని నేను గుచ్చేవాణ్ణి. అతను మూతి తుడుచుకుని, "సరిపోయిందే అన్నా, గందుకే వాపస్ ఇస్తున్న" అనేవాడు. ఆ మనిషితో గెలవడం కష్టం. మాటల్లో ఓడిపోతున్నానన్న చిన్న కంటు నా మనసులో అప్పుడే పడింది. అప్పుడు దాన్ని నేను గుర్తుపట్టలేదు.

వాంతులు తగ్గాక అతని పని చూశాను. బోను తీగ తెగితే నాకంటే గట్టిగా అల్లేవాడు. ఇంకో అలవాటుండేది. బోటు ఆగినప్పుడల్లా చెయ్యి నీళ్లలో పెట్టి, జ్వరం చూసేవాడిలా కాసేపు ఉంచేవాడు. అడిగితే చెరువు కథలు చెప్పేవాడు. కొర్రమట్ట ఏ నెలలో ఏ మోడు కింద ఉంటుంది, ఎండాకాలం పొద్దున్నే ఒడ్డుకు ఎందుకొస్తుంది, తొలి వాన నీరు దిగగానే గుడ్లతో వాగుకు ఎదురెక్కే చేపను ఎందుకు ముట్టుకోకూడదు. "గా నెలన్నర మా పెద్దమనుషులే వలలు గుంజి ఇండ్లల్ల పెట్టిస్తరు. కడుపుతోని ఉన్నదాన్ని పడితే గంగమ్మ తల్లి ఊకోదు" అనేవాడు. గంగమ్మ మాట వచ్చినప్పుడు నేను మొహం అటు తిప్పుకునేవాణ్ణి. అన్యుల మాటలని. చేపల గురించి అతను చెప్పినదాంట్లో ఒక్క తప్పు కూడా నాకు కనబడలేదని మాత్రం ఒప్పుకోవాలి.

ఆ చలికాలం రేవంతా ఖాళీ. షమాల్ అనే వాయవ్యపు గాలి వారానికి నాలుగు రోజులు బోటు కదలనిచ్చేది కాదు. కదిలినా, చల్లబడిన నీళ్లలో హమూరు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. మా బోన్లలో పీతలు, రెండు మూడు పనికిరాని చేపలు. అర్బాబ్ రోజూ వచ్చేవాడు. పికప్ దిగేవాడు, డబ్బాలోకి తొంగి చూసేవాడు, ఎక్కి వెళ్లిపోయేవాడు. ఆయన తలుపు వేసే చప్పుడు విన్నప్పుడల్లా నా తోటివాడు నా మొహం చూసేవాడు. సీజన్ గడిచిపోతోంది. ఆ కాగితం సంగతి తేలడం లేదు.

జనవరిలో ఒక పొద్దున గాలి ఆగింది. ఒక బోను కోసం కొక్కెం లాగుతూ ఇంజను ఆపి తేలుతున్నాం. అతను చెయ్యి నీళ్లలో పెట్టినవాడు తియ్యలేదు.

"అన్నా, గీడ నీళ్లు ఎచ్చగున్నయి."

"నీ చెయ్యి మొద్దుబారిపోనాది. తియ్యి."

"కాదే, చూడు. పైన గూడ చూడు, నూనె పూసినట్టు లేదా?"

చూశాను. చుట్టూ సన్నటి అలలున్నాయి. మా పక్కన ఇంటి చాపంత మేర నున్నగా ఉంది. అతను ఖాళీ నీళ్ల సీసాకు రాయి కట్టి, మూతికి గుడ్డ కుక్కి, ఆ గుడ్డకు వేరే దారం కట్టి దించాడు. అడుగు తగిలాక దారం లాగి గుడ్డ ఊడదీశాడు. పైకి తీసి ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత సీసా నాకిచ్చాడు. తియ్యగా లేవు. సముద్రం నీళ్ల మాదిరిగా కూడా లేవు. చప్పగా ఉన్నాయి.

పాత రోజుల్లో ముత్యాల కోసం మునిగేవాళ్లు సముద్రం అడుగునున్న మంచినీటి ఊటల దగ్గర తోలు సంచులు నింపుకుని తాగేవాళ్లని అర్బాబ్ ఒకసారి చెప్పాడు. అవన్నీ ఎండిపోయాయని కూడా చెప్పాడు. ఒకటి ఇంకా సన్నగా ఊరుతున్నట్టుంది.

"మా చెరువుల ఒక బాయి మునిగి ఉన్నది అన్నా" అన్నాడతను. అంత మెల్లగా అతను మాట్లాడటం అదే మొదటిసారి. "మా తాతలు తవ్విన బాయి. చెరువు నిండినంక మునిగింది. చలికాలం అంతట నీళ్లు సల్లగుంటయి, గా బాయి కాడ ఎచ్చగుంటయి. ఎండకాలం ఉల్టా. గందుకని పెద్ద చేపలన్ని గాడ్నే పంటయి. గీ హమూరు గూడ గట్లనే ఉండాలె."

ఆ రోజు అక్కడ నాలుగు బోన్లు దించాం. అతను ఒడ్డు వైపు తిరిగి గుర్తులు పెట్టుకున్నాడు. అస్కర్ వెనక అల్యూమినియం కర్మాగారం పొగగొట్టాల్లో రెండు ఒకదాని వెనక ఒకటి కలిసిపోవాలి. మసీదు మినార్ నీళ్ల ట్యాంకు కుడి అంచుకు ఆనాలి. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నా, ఎవ్వలకు చెప్పకు. మిషన్ల ఎక్కియ్యకు. సీజన్ అయినంక అర్బాబ్ కాయిదం మాట తీస్తడు గద, అప్పుడు నేనే చెప్త. నాకాడ చెప్పుకోనీకి ఇదొక్కటే ఉన్నది."

"నానెందుకు సెప్తాను" అన్నాను.

"ఇంకోటి. నాలుగు బోన్లకు ఎక్కువ వద్దు. గుడ్ల మీదున్నప్పుడు రెండు నెలలు ఇటు దిక్కే రావద్దు. గట్లుంటే ఏండ్లకేండ్లు ఇస్తది."

సరేనన్నాను. అతను ముందుకు వెళ్లి తాడు చుడుతుంటే, నేను వెనక్కి తిరిగి మిషన్‌లో ఆ చోటు ఎక్కించాను. మంచు పడితే పొగగొట్టాలు కనబడవు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మిషన్ పేరు అడిగింది. సువార్తలో శిష్యులు ఒడ్డుకు లాగిన వలలో ఎన్ని చేపలున్నాయో ఆ సంఖ్య కొట్టాను, నూటయాభై మూడు. అప్పుడు అది భక్తి అనుకున్నాను.

ఐదో రోజు బోన్లు లేవలేదు. బరువుకు. ఇద్దరం కలిసి లాగితే మొదటి దాంట్లోనే ఏడు హమూర్లు. నేను చేతులు చాపి చూపించే చేప అందులోదే. అతను బోటులో చతికిలబడి పసిపిల్లాడిలా నవ్వుతూ ఆ చేప నుదుటి మీద చెయ్యి పెట్టి, "దొరికినవా సారూ" అన్నాడు. ఆ వారం, తర్వాతి వారం, రేవులో అందరి డబ్బాలూ ఖాళీ, మాది తప్ప.

ఇప్పుడు శుక్రవారం సంగతి చెప్పాలి.

బహ్రెయిన్‌లో సెలవు శుక్రవారం. మన ఆంధ్రా, తెలంగాణ విశ్వాసులం ఎనభై మంది దాకా ఒక అద్దె విల్లా హాల్లో కూడేవాళ్లం. ఇళ్లల్లో పనిచేసే అక్కలు, డ్రైవర్లు, క్యాంపుల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే తమ్ముళ్లు. వారమంతా హిందీలోనూ అరబ్బీలోనూ మాటలు పడి, ఆ రెండు గంటలు తెలుగులో ఏడ్చి, తెలుగులో పాడి వెళ్లేవాళ్లు. ఆ వారం పాస్టరుగారు "సాక్ష్యం ఉన్నవాళ్లు లేవండి" అన్నారు. నేను లేచాను. చేపలు బాగా పడ్డాయి, దేవునికి స్తోత్రం, అని చెప్పి కూర్చుందామనే లేచాను. ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.

కానీ లేచి నిలబడ్డాక ఎనభై మొహాలు నా వైపు తిరిగాయి. అందులో రెండు నెలలుగా జీతం రానివాళ్లున్నారు. ఇంటి దగ్గర బిడ్డకు జబ్బుగా ఉన్న అక్క ఉంది. వాళ్లకు ఏదో కావాలి, అది నా దగ్గర ఉంది అనిపించింది. "చలిలో రేవంతా ఖాళీగా వస్తుంటే నేను బోటులో మోకరించానండి" అన్నాను. ఆ మాట నిజం. రోజూ పొద్దున మోకరించేవాణ్ణి. "గాలి ఆగిపోయింది" అన్నాను. అదీ నిజం. "ఇక్కడ వెయ్యి అని ప్రభువు నా హృదయంలో చెప్పాడు" అన్నాను.

హాలు లేచింది. స్తోత్రాలు, చప్పట్లు. బిడ్డకు జబ్బుగా ఉన్న అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. అబద్ధం చెప్పి అంత హాయిగా ఏడవొచ్చని నాకు అంతకుముందు తెలియదు. మరుసటి వారం పాస్టరుగారు నా సంగతిని ప్రసంగంలో చేర్చారు. దాంట్లో నేను చెప్పని ఒక స్వరం కూడా వచ్చి చేరింది. నేను దాన్ని సరిదిద్దలేదు.

మా సహవాసంలో ఒక సహోదరుడు హమద్ టౌన్‌లో మా అర్బాబ్ పక్కింట్లోనే డ్రైవరు. అన్యజనుల ముందు సాక్ష్యమివ్వాలనే ఆత్రంలో ఆయన గోడ మీదుగా మొత్తం చెప్పేశాడు. రెండు రోజులకు అర్బాబ్ రేవుకొచ్చాడు. నా తోటివాడు ఒడ్డున కూర్చుని కటింగ్ ప్లయర్‌తో బోను బాగుచేస్తున్నాడు. అర్బాబ్ మాతో మాట్లాడే హిందీలోనే అడిగాడు.

"నువ్వు దువా చేస్తే ఆ చోటు రబ్ చూపించాడట. సచ్?"

అక్కడ నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం: ఇతను చూపించాడు. చెబితే నా ఉద్యోగం పోదు. నా కాగితం ఆయన పేర ఎప్పుడో ఉంది. నాకు పోయేదల్లా ఎనభై మంది చప్పట్లు. ఆ డ్రైవరు సహోదరుడు మళ్లీ గోడ మీదుగా వింటాడు, శుక్రవారానికి అందరికీ తెలుస్తుంది. అంతే.

"సచ్, అర్బాబ్" అన్నాను.

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని "సుబ్‌హానల్లా" అన్నాడు. ఆయన మంచి భక్తిపరుడు. ఆ రోజు నుంచి నన్ను చూసే చూపు మారిపోయింది. నా తోటివాడికి హిందీ నాకంటే బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. అతని చేతిలో ప్లయర్ మాత్రం ఆగలేదు.

బోటు రేవు దాటాక అతనే అన్నాడు: "మస్తు ప్రమోషన్ ఇచ్చినవే అన్నా."

"ఏటది?"

"నేను చూపెట్టిన జాగను దేవుడు చూపెట్టిండని చెప్పినవ్. అంటే నన్ను దేవుణ్ణి జేసినవ్ గద!" నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతను కూడా ఆపేశాడు. "గని అన్నా, దేవునికి వీసా ఎవడిస్తడే?"

"నాను సెప్తాన్లే అర్బాబ్‌కి. సమయం సూసి సెప్తాను."

"చెప్పు. జెర జల్దీ చెప్పు."

సమయం చూస్తూ ఉన్నాను. ఫిబ్రవరి పోయింది, మార్చి వచ్చింది. నీళ్లు వేడెక్కడం మొదలైంది. ఒక రోజు తీసిన హమూరు కడుపు ఉబ్బి ఉంది. అతను దాన్ని చీల్చకుండానే బొటనవేలితో నొక్కి చూసి, నా వైపు తిరిగి తల ఊపాడు. గుడ్ల కాలం వచ్చేసింది. ఇక ఇటు రాకూడదు.

మరునాడే అర్బాబ్ పికప్ నిండా కొత్త బోన్లతో దిగాడు. ఇరవై ఐదు. రబ్ ఇస్తున్నప్పుడు చెయ్యి ముడుచుకోకూడదన్నాడు. మిషన్‌లో చోటు ఉంది కనుక తానే బోటు నడుపుకుంటూ వస్తానన్నాడు. మిషన్ మాట వినగానే నా తోటివాడు ఒక్కసారి నా మొహం చూశాడు. నేను తాడు వైపు చూశాను.

అప్పుడు అతను లేచి నిలబడి అర్బాబ్‌తో తనే మాట్లాడాడు. చేపలు గుడ్ల మీద ఉన్నాయి, రెండు నెలలు ఆగుదాం, ఇప్పుడు ఊడ్చేస్తే మళ్లీ రావు, అని. గౌరవంగానే చెప్పాడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు అర్బాబ్.

"మా చెరువులో చూశాను, అర్బాబ్."

అర్బాబ్ చిన్నగా నవ్వాడు. హేళనగా కాదు. ఈత రానివాడు సముద్రం గురించి చెబితే నవ్వినట్టు. అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నీ రబ్ ఏమంటున్నాడు?"

ఆ ప్రశ్న నేను ఇప్పటికీ మోస్తున్నాను. అతను చెప్పిందే నిజమని నాకు తెలుసు. మా నాన్న కూడా గుడ్ల చేపను వలలోంచి తీసి నీళ్లలో వదలడం నా కళ్లతో చూశాను. "ఆగుదాం" అంటే చాలు, వింటాడు అర్బాబ్. కానీ "ఆగుదాం" అంటే చేపల సంగతి ఎరిగినవాడు ఆ చెరువు మనిషేనని తేలిపోతుంది. అప్పుడు ఆ చోటు ఎవరు కనిపెట్టారన్న అనుమానం వస్తుంది. ఇదంతా ఊపిరి పీల్చేంతలో నా బుర్రలో తిరిగింది. ప్రార్థన మాత్రం రాలేదు.

"వేద్దాం, అర్బాబ్" అన్నాను.

 ఇరవై ఐదు బోన్లూ నా తోటివాడు ఒక్కడే బోటులోకి ఎక్కించాడు. నేను సాయానికి వెళితే, "ఉండు అన్నా, నువ్వు ప్రార్థన చేస్కో" అన్నాడు. అందులో ఎగతాళి కూడా లేదు. అదే నాకు ఎక్కువ కాలింది.

మూడు వారాలు బోటు మునిగేంత చేప. శుభ్రం చేసేటప్పుడు గుడ్ల సంచులు దోసిళ్ల కొద్దీ వచ్చేవి, నారింజ రంగులో. నేను వాటిని రేవు అంచు నుంచి నీళ్లలోకి విసిరేవాణ్ణి. కొంగలు అరుస్తూ మీద పడేవి. నాలుగో వారం సగం. మే నెలకు బోనుకు ఒకటి. జూన్‌లో ఏమీ లేదు. ఎండాకాలం అక్కడ నీళ్లు చల్లగా ఉంటాయి, చేప రావాలి. అతను మళ్లీ సీసా దించి చూశాడు. ఊట ఊరుతూనే ఉంది. దాని దగ్గర ఉండాల్సినవి లేవు.

"బరకత్ పోయింది" అన్నాడు అర్బాబ్, దీవెన పోయిందని. సరిగ్గా అదే నెలలో బంగ్లాదేశీ భాయ్ సెలవు నుంచి తిరిగొచ్చాడు. పాతవాడు, సముద్రం పుట్టుకతో ఎరిగినవాడు. నేను కాక బోటుకు ఉన్న ఇంకొక్క వీసా కాగితం మళ్లీ అతనికే ఇచ్చేశాడు అర్బాబ్. మధ్యాహ్నం ఎండలో రేవులో నా తోటివాడి భుజం తట్టి, "ఖలాస్. నువ్వు మంచివాడివి. కానీ చెరువు మనిషివి" అన్నాడు. రావలసినదంతా చేతిలో పెట్టాడు. ఆయన ఎవరికీ అన్యాయం చేసే మనిషి కాదు. ఆయనకు తెలిసినదాన్ని బట్టి ఆయన చేసింది న్యాయమే. తెలియనివ్వనిది నేను.

నేను మూడడుగుల దూరంలో నిలబడి, అప్పటికే గట్టిగా ఉన్న ముడిని మళ్లీ కడుతున్నాను.

అతను తన సామాన్ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకున్నాడు. పెద్దగా ఏమీ లేదు. పికప్ ఎక్కేముందు నా దగ్గరకొచ్చి, "ఉంట మరి అన్నా. గా ముడి మంచిగనే ఉన్నది, ఇడువు" అన్నాడు.

మూడు నెలలు నాకు ప్రార్థన రాలేదు. మోకాళ్లు వంగేవి, నోరు తెరుచుకునేది కాదు. మీలో ఎవరైనా అలా గడిపి ఉంటే దాని గురించి నేను చెప్పనక్కర్లేదు. శుక్రవారాలు మాత్రం వెళుతూనే ఉన్నాను. వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. చివరకు ఒక సాయంత్రం హమద్ టౌన్ వెళ్లి, అర్బాబ్ ఇంటి ముందుగదిలో కింద కూర్చుని, మొత్తం చెప్పాను. ఊట ఎవరు కనిపెట్టారో, గుడ్ల మాట ఎందుకు కాదన్నానో.

 నాకు పోసిన కాఫీ చల్లారిపోయింది.

"కాగితం ఇచ్చేశాను. ఆ బంగ్లాదేశీని ఇప్పుడు వెళ్లగొట్టనా?" అన్నాడు. తర్వాత అన్నాడు, "ఆ రోజు నేను వాణ్ణి నమ్మలేదు. అందుకే నిన్ను అడిగాను. నీ రబ్ పేరు పెట్టి అడిగాను."

 నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండునని వస్తూ వస్తూ బస్సులో అనుకున్నాను.

ఆ శుక్రవారం కూడికలో సాక్ష్యాల సమయంలో లేచాను.  "చలికాలంలో నేను మీ ముందు చెప్పింది అబద్ధం. ప్రభువు నాకు ఏ చోటూ చూపించలేదు. నాతో పనిచేసిన మనిషి చూపించాడు. అతని చోటును నా సాక్ష్యం చేసుకున్నాను. నా మూలంగా అతని పని పోయింది" అన్నాను.  నేను రాళ్ల కోసం ఎదురుచూశాను.

"హల్లెలూయా" అన్నారెవరో వెనక నుంచి.

తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. పాస్టరుగారు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. "చూశారా ఈ దీనత్వం! ఎంతమందికి వస్తుందీ ధైర్యం?" అన్నారు. బిడ్డకు జబ్బు తగ్గిన ఆ అక్క నా చెయ్యి పట్టుకుని, "మీ సాక్ష్యం వల్ల ఈ రోజు నాకు గొప్ప ఆదరణ కలిగిందన్నా" అంది. ఇదివరకు ఎంత చప్పట్లు వచ్చాయో ఇప్పుడూ అంతే వచ్చాయి. కాస్త ఎక్కువే వచ్చాయేమో. నేను కూర్చుని తల దించుకున్నాను. తల దించుకుంటే అదీ దీనత్వంలో కలిసిపోయింది.

కూడిక తర్వాత ఇచ్చిన బిర్యానీ పొట్లం తినబుద్ధి కాలేదు. అది పట్టుకుని సల్మాబాద్ వెళ్లాను. అతను మళ్లీ పాత కంపెనీలోనే చేరాడని, ఏదో కట్టడంలో పని దొరికిందని విన్నాను. శుక్రవారం కూడా ఓవర్‌టైం ఉందని వాళ్ల క్యాంపు గేటు దగ్గర చెప్పారు. ఎండ తగ్గేదాకా గోడ నీడలో నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. సిమెంటు పట్టిన బూట్లతో దిగాడు. నన్ను చూసి, ముందు గుర్తుపట్టనట్టు చూసి, తర్వాత వచ్చాడు.

"ఏందే అన్నా, సముద్రం ఎండిపోయిందా?"

"సెప్పేసేను" అన్నాను. "అర్బాబ్‌కి సెప్పేసేను. ఈ రోజు మా కూడికలోన అందరి ముందరా సెప్పేసేను."

"మరేమన్నరు?"

"అర్బాబ్ ఆలస్యమయిపోనాదన్నాడు."

"మీ వాళ్లు?"

"హల్లెలూయా అన్నారు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయాడు. "మంచిగున్నది! చేప దొరికినా హల్లెలూయానే, దొంగ దొరికినా హల్లెలూయానే!" నేను పక్కన కూర్చున్నాను. నవ్వు ఆగాక కండువాతో మొహం తుడుచుకున్నాడు. సిమెంటు దుమ్ము చెమటలో కలిసి గీతలు పడ్డాయి.

"అన్నా, ఒకటి అడుగుత. గా మనిషి ఇప్పుడు యాడున్నడు, ఏం చేస్తున్నడు అని ఎవ్వలన్న అడిగిన్రా?"

నేను ఆ ఎనభై మొహాలనూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. పాస్టరుగారిని, ఆ అక్కను, డ్రైవరు సహోదరుణ్ణి.

"నేదు" అన్నాను.

"నువ్వు చెప్పినవా?"

"నేదు."

అతను తల ఊపాడు. నా చేతిలోంచి పొట్లం తీసుకుని వాసన చూశాడు. "కోడి బిర్యానీ. మా రూంల ఆరుగురం ఉన్నం, తలో ముద్ద అయితది." లేచాడు. "వచ్చే శుక్కురారం మాకు డ్యూటీ లేదు అన్నా. ఎవ్వలన్న అడిగితే చెప్పు, రూంలనే ఉంటనని. కంపెనీ నౌకరీ గూడ వచ్చే నెలతోని అయిపోతదట. మీ వాళ్లల్ల డ్రైవర్లున్నరు, మేస్త్రీలున్నరు, ఎవ్వలకన్న ఒక మనిషి కావాల్నేమో."

"సెప్తాను" అన్నాను.

మరుసటి శుక్రవారం నేను కూడికకు ముందుగానే వెళ్లాను. పాట అయింది, వాక్యం అయింది. ఎవరూ అడగలేదు. నేనే లేచి చెబుదామనుకున్నాను. ఇంతలో పాస్టరుగారు నా వైపు చెయ్యి చాపి, ఈ వారం ముగింపు ప్రార్థన మన సహోదరుడు చేస్తాడు అన్నారు. ఆ సంఘంలో పెద్దలకు తప్ప ఆ అవకాశం ఎవరికీ దొరకదు. అందరూ కళ్లు మూసుకున్నారు.

చక్కగా ప్రార్థన చేశాను. చాలాసేపు చేశాను, అతని మాట మాత్రం అందులో రాలేదు. ఆమెన్ అన్నాక బస్సులకు వేళయిందని అందరూ లేచారు.